కాగితపు ఇటుక: బరువెంత? బలమెంత?

హైదరాబాదు పాతబస్తీలో ఛత్తాబజార్ అనే వీధి ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి నడిచి వెళ్ళేటంత దూరం. పెళ్ళి శుభలేఖల ముద్రణకు ఆ వీధి పెట్టింది పేరు. అచ్చయిన కాగితాలను దొంతరగా పేర్చి, కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు సమం చేస్తారు. కత్తి దిగిన ప్రతిసారీ సన్నని కాగితపు పేలికలు కింద రాలతాయి. సాయంత్రానికి గోనెసంచులు నిండిపోతాయి.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తండ్రి అలాంటి మిషన్ మీదే పనిచేసేవారు. ఒకనాడు ఆ అమ్మాయి ఒక సంచెడు పేలికలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సార్, మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నమైతే గదంతా ఉడికిపోతది. కాగితం, సిమెంటు కలిపి ఇటుకలు చేస్తారని విన్న. అవి చల్లగ ఉంటయంట. ఇంట్ల గోడ కట్టుకోవచ్చా?" అని అడిగింది.

అవునని ఒక్క మాటలో చెప్పడానికి గాని, కాదని చెప్పడానికి గాని వీలులేని ప్రశ్న ఇది. దీనికి జవాబు రాబట్టాలంటే మనం కాగితం సంగతి, సిమెంటు సంగతి, రెండూ కలిస్తే ఏమవుతుందన్న సంగతి వరుసగా తెలుసుకోవాలి.

కాగితం ఎందుకు నానుతుంది?

ఒక కాగితాన్ని చింపి, చిరిగిన అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నని నూగు వంటిది కనబడుతుంది. అదే పీచు. కాగితమంటే ఒకదానిలో ఒకటి చిక్కుకున్న పీచుపోగుల చాప. ఈ పోగులు సెల్యులోజ్ అనే పదార్థంతో తయారయ్యాయి. చెట్టు కాండంలోనూ, పత్తిలోనూ, వరిగడ్డిలోనూ ఉన్నది ఇదే.

పోగుకూ పోగుకూ మధ్య జిగురేమీ లేకపోయినా కాగితం విడిపోదు. పక్కపక్కనున్న సెల్యులోజ్ అణువులు హైడ్రోజన్ బంధాల ద్వారా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నీళ్ళు తగిలితే నీటి అణువులు వాటి మధ్య దూరి, ఆ పట్టును తామే ఆక్రమిస్తాయి. పోగులు ఉబ్బి విడిపోతాయి. అందుకే కాగితం నానితే గుజ్జవుతుంది. ఆ గుజ్జును పిండి ఆరబెడితే నీరు వెళ్ళిపోయి పోగులు మళ్ళీ పట్టుకుంటాయి.

ఈ సూత్రం మన పెద్దవాళ్ళకు ఏనాడో తెలుసు. పాత చేటలకు, బుట్టలకు కన్నాలు పడితే అమ్మమ్మలు ఏం చేసేవారు? కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, పూత పూసేవారు. ఆ చేట ఏళ్ళ తరబడి పనిచేసేది. అయితే దానిని వానలో మాత్రం పెట్టేవారు కాదు! ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

మట్టిగోడ పెట్టేవారు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవారు. అదెందుకు? మట్టి ఒత్తిడికి ఓర్చుకుంటుంది గాని లాగితే తెగుతుంది. ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. మధ్యలో గడ్డిపోచలుంటే పగులు సాగకుండా పట్టి ఉంచుతాయి. కాగితపు ఇటుకలో కాగితం పీచు చేసే పని కూడా అదే.

సిమెంటు ఎండి గట్టిపడుతుందా?

చాలామంది సిమెంటు ఎండి గట్టిపడుతుందనుకుంటారు. అది పొరపాటు. కావాలంటే ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక పాత ప్లాస్టిక్ కప్పులో రెండు చెంచాల సిమెంటును నీటితో ముద్దగా కలపండి. రెండు గంటలు ఆగి, కప్పును మెల్లగా నీళ్ళ బకెట్టులో ముంచి ఉంచండి. మూడు రోజుల తరవాత తీసి చూడండి. నీళ్ళలోనే ఉన్నా రాయిలా గట్టిపడి ఉంటుంది. ఎండే అవకాశమే లేదు గదా, మరెలా గట్టిపడింది?

సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, వచ్చిన గడ్డలను కొద్దిపాటి జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంటు వస్తుంది. మన రాష్ట్రంలో తాండూరు, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు ఉండటానికి కారణం అక్కడ దొరికే సున్నపురాయే. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రి తన సిమెంటుకు పేటెంటు పొందాడు. గట్టిపడ్డాక అది పోర్ట్‌లాండ్ అనే చోట దొరికే రాయిలా ఉందని దానికి పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టాడు. నేటికీ సిమెంటు సంచి మీద ఆ పేరు చూడవచ్చు.

సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయన చర్య జరుపుతాయి. ఆ చర్యలో అతి సూక్ష్మమైన కొత్త స్ఫటికాలూ, బంక వంటి పదార్థమూ పుట్టి, ఇసుక రేణువులను, పీచుపోగులను అల్లుకుపోతాయి. అంటే నీరు పోయినందువల్ల కాదు, నీరు చేరినందువల్లనే సిమెంటు గట్టిపడుతుంది. మేస్త్రి కొత్త గోడను రోజూ తడపమనడం ఇందుకే. నీరు అందకపోతే చర్య సగంలో ఆగిపోతుంది.

పాతబస్తీ నడిబొడ్డున ఉన్న చార్మినారును 1591లో కట్టారు. అప్పటికి పోర్ట్‌లాండ్ సిమెంటు లేదు. రాయిని సున్నంతో కట్టారు, సున్నపు గచ్చుతోనే నగిషీలు చేశారు. సున్నం గట్టిపడే తీరు వేరు. అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడును మెల్లమెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారుతుంది.

బెల్లం తెచ్చే చిక్కు

వెనకటి కట్టడాలకు సున్నాన్ని గానుగలో ఆడించి, అందులో బెల్లపు నీళ్ళు, కరక్కాయ రసం వంటివి కలిపేవారని మీరు వినే ఉంటారు. సున్నానికి మేలు చేసింది గదా అని సిమెంటులో కూడా బెల్లం కలిపితే? చేసి చూడండి. రెండు కప్పుల్లో సిమెంటు ముద్ద కలిపి, ఒకదానిలో చిటికెడు బెల్లం కరిగించండి. మరునాటికి మామూలు ముద్ద గట్టిపడి ఉంటుంది. బెల్లం పడ్డ ముద్ద ఇంకా మెత్తగానే ఉండటం చూస్తారు. చక్కెర అణువులు సిమెంటు రేణువులకు అంటుకుని, కొత్త స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడతాయి.

కాగితపు ఇటుకకు దీనితో సంబంధం ఏమిటంటారా? సిమెంటు ముద్ద బలమైన క్షారం. అది కాగితంలోని కొన్ని పదార్థాలను కరిగించి చక్కెర వంటి వాటిని బయటికి తీస్తుంది. కాగితానికి అంటుకున్న మైదా జిగురు కూడా తోడవుతుంది. అందుకే కాగితం కలిపిన సిమెంటు కాస్త ఆలస్యంగా గట్టిపడుతుంది. మిఠాయి డబ్బాల అట్టలైతే అసలు వాడనే వద్దు. ప్లాస్టిక్ పూత, బంగారు రంగు రేకు అంటించిన శుభలేఖలు కూడా పనికిరావు. అవి నానవు. పాత వార్తాపత్రికలు, పూతలేని కత్తిరింపు ముక్కలు అన్నిటికన్నా మేలు.

దిమ్మె చేసే విధానం

ముందుగా ఒక హెచ్చరిక. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ఈ పని చెయ్యవద్దు. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కాగితాన్ని బొటనవేలి గోరంత ముక్కలుగా చింపి రెండు మూడు రోజులు నానబెట్టండి. రోజూ నీళ్ళు మార్చండి. ఇలా చేస్తే కరిగిపోయే జిగురు చాలావరకు పోతుంది. తరవాత కర్రతో చిలికి గాని, పనికిరాని రోట్లో దంచి గాని మెత్తని గుజ్జు చెయ్యండి. అన్నం వండుకునే ఇంటి సామాను వాడవద్దు. గుజ్జును గుడ్డలో మూటగట్టి, నీటి ధార ఆగి బొట్లు మాత్రమే పడేదాకా పిండండి.

ఇలా పిండిన గుజ్జు 3 కొలతలు, సిమెంటు 1 కొలత, సన్నని ఇసుక 1 కొలత తీసుకోండి. ముందు ఇసుక, సిమెంటు పొడిగా కలిపి, ఆ తరవాత గుజ్జు చేర్చి బాగా పిసకండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారిపోకూడదు.

అచ్చు కోసం చెక్కపలకలతో అడుగు, మూత లేని పెట్టె చెయ్యండి. లోపలి కొలతలు పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 10 సెంటీమీటర్లయితే లెక్కలు సులువు. లోపల కొంచెం నూనె రాసి, ముద్దను మూలమూలలా కూరి, పైన పలకతో అదమండి. అచ్చును మెల్లగా పైకి తీసెయ్యండి. దిమ్మెను నీడలో ఉంచి, వారం రోజులు తడి గోనె కప్పండి. ఆ తరవాత ఎండలో ఆరనివ్వండి. సిమెంటు బలాన్ని సాధారణంగా 28 రోజులకు లెక్కకడతారు. కనుక మనమూ నెల రోజులు ఓపిక పట్టాలి.

మేం చేసిన పొరపాటు

మా బడిలో మేం ఇలాగే దిమ్మెలు చేశాం. ఎండాక ఒక్కొక్కటీ చేతికి ఎంత తేలికగా ఉందంటే పిల్లలు ఆనందం పట్టలేక బంతిలా ఎగరేసి పట్టుకున్నారు. ఒక కుర్రవాడు దిమ్మె మీద ఎక్కి నిలబడ్డాడు. అది చెక్కుచెదరలేదు. "ఇంకేం, బలం ఉందిగా!" అన్నాను నేను. ఆ ఉత్సాహంలోనే బడి ఆవరణలో పూలమడి చుట్టూ మోకాలెత్తు గోడ కట్టించాను. అది వేసవి. గోడ చూసిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాయి. రెండు వారాలకు అడుగు వరుస ఉబ్బింది. మూడో వారానికి దాని మీద నల్లగా బూజు పట్టింది. ఆ తరవాత ఒక ఉదయం వచ్చి చూస్తే ఒక పక్క గోడ మడిలోకి ఒరిగి ఉంది. వేలితో గీస్తే అడుగు దిమ్మె పెళ్ళలుగా ఊడివచ్చింది.

పేలికల సంచి తెచ్చిన అమ్మాయి ఆ గోడ దగ్గర నిలబడి, "సార్, ఇదే మా ఇంట్ల కట్టి ఉంటే?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. తప్పు కాగితానిదీ కాదు, సిమెంటుదీ కాదు. కొలిచి చూడకుండా కట్టించిన నాదే. అప్పుడు మేం మిగిలిన దిమ్మెలతో పరీక్షలు మొదలుపెట్టాం. మీరు మాత్రం గోడకు ముందే ఈ పరీక్షలు చెయ్యండి.

మొదటి పరీక్ష: సాంద్రత

మన దిమ్మె ఘనపరిమాణం 20 × 10 × 10 = 2000 ఘన సెంటీమీటర్లు. ఆరాక తూచితే 1400 గ్రాములు ఉందనుకుందాం. అప్పుడు సాంద్రత 1400 ÷ 2000 = 0.7. అంతే పరిమాణమున్న మట్టి ఇటుక సాంద్రత 1.8 అయితే దాని బరువు 3600 గ్రాములు. మరి మన దిమ్మెలో ఆ బరువు ఏమైంది?

దిమ్మెను నీళ్ళ తొట్టిలో వదలండి. సాంద్రత 1 కంటె తక్కువ గనుక అది తేలుతుంది! ఇటుక తేలడం చూస్తే ఎవరికైనా వింతే. కాని అక్కడే ఆగి చూడండి. దాని ఒంటినిండా చిన్న చిన్న బుడగలు పైకి వస్తాయి. క్రమంగా దిమ్మె కిందికి దిగి, చివరకు మునిగిపోతుంది. ఆ బుడగలు దిమ్మె లోపలి రంధ్రాల్లోని గాలి. గుజ్జులో ఉన్న నీరు ఆరిపోయినప్పుడు అది ఉన్న చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలే దిమ్మెను తేలిక చేశాయి.

రెండవ పరీక్ష: నీరు ఎంత తాగుతుంది?

24 గంటలు నానిన దిమ్మెను తీసి, పైన తుడిచి తూచండి. 2100 గ్రాములు ఉందనుకుందాం. పీల్చిన నీరు 700 గ్రాములు. పొడి బరువులో ఇది 50 శాతం. మామూలు కాల్చిన ఇటుక 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నానిన దిమ్మెను వేలిగోటితో గీరి చూడండి. పొడిగా ఉన్నప్పటి గట్టితనం ఉందా? కొలబద్దతో పొడవు కొలవండి. ఎంత పెరిగింది?

మూడవ పరీక్ష: బలం

మా కుర్రవాడు దిమ్మె మీద నిలబడ్డాడని చెప్పాను గదా. అతని బరువు 45 కిలోలనుకుందాం. దిమ్మె పైభాగం 20 × 10 = 200 చదరపు సెంటీమీటర్లు. కనుక చదరపు సెంటీమీటరుకు పడిన ఒత్తిడి 45 ÷ 200. అంటే పావు కిలో కూడా లేదు! కాల్చిన ఇటుకల్లో అన్నిటికన్నా తక్కువ రకానికి కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల బలం ఉండాలని ప్రమాణం. మన దిమ్మె అంత పైభాగానికి ఆ లెక్క వేస్తే 7000 కిలోలు. కుర్రవాడు నిలబడ్డా విరగలేదంటే రుజువైంది ఏమీ లేదన్నమాట.

కాగితం పాలు పెరిగిన కొద్దీ దిమ్మె తేలిక అవుతుంది, బలం తగ్గుతుంది. సిమెంటు, ఇసుక పెంచితే బలం పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఇంకో సంగతి. మట్టి ఇటుక భారానికి ఠక్కున పగులుతుంది. కాగితపు దిమ్మె అలా పగలకుండా అణిగిపోతుంది. దానిలోని పీచు పట్టి ఉంచుతుంది గనుక ఇలా జరుగుతుంది. అయితే గోడ కొంచెం కొంచెంగా అణిగినా మీదున్న కప్పు ఊరుకోదు గదా!

నాలుగవ పరీక్ష: వేడి

ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం ఒక మట్టి ఇటుకను, ఒక పొడి కాగితపు దిమ్మెను డాబా మీద రెండు మందపాటి అట్టముక్కల మీద పక్కపక్కన పెట్టండి. గంట తరవాత రెండింటినీ తిరగేసి అడుగున థర్మామీటరు ఆనించి చూడండి. కదలని గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. కాగితపు దిమ్మె రంధ్రాల్లో ఉన్నది అటువంటి గాలే. అందుకే దాని అడుగు అంత తొందరగా వేడెక్కదు. అదే దిమ్మెను నానబెట్టి ఇదే పరీక్ష చేస్తే? గాలి ఉన్న చోటికి నీరు వచ్చింది. గాలి కంటె నీరు వేడిని చాలా ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. ఆ మేరకు దిమ్మె వేడిని ఆపే శక్తి తగ్గిపోతుంది.

ఇప్పుడు నాలుగు పరీక్షలనూ కలిపి ఆలోచించండి. దిమ్మె తేలికగా ఉండటానికి కారణం రంధ్రాలు. వేడిని ఆపడానికి కారణం ఆ రంధ్రాలే. నీరు తాగడానికి కారణమూ అవే. బలం తగ్గడానికి కారణమూ అవే. గుణమూ, లోపమూ ఒకే చోట పుట్టాయి. ఒకటి ఉంచుకుని రెండవది వదిలించుకోవడం కుదరదు. చెయ్యగలిగిందల్లా గుణం పనికివచ్చే చోటు, లోపం హాని చెయ్యని చోటు వెతకడం.

ఎక్కడ వాడవచ్చు? ఎక్కడ కూడదు?

అమెరికాలో అరిజోనా, న్యూ మెక్సికో వంటి ఎడారి ప్రాంతాల్లో కొందరు కాగితపు దిమ్మెలతో ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ వాన తక్కువ. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది, అందులో ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లోనే పడుతుంది. అక్కడ నిలిచింది ఇక్కడ నిలుస్తుందని చెప్పలేం.

గోడ విషయంలో నీటిని చిన్నచూపు చూడరాదని మన నగరానికి బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలాది ఇళ్ళు కూలిపోయాయి. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్నో వీధులు మునిగాయి. బండ్లగూడలో ప్రహరీ గోడ ఇళ్ళ మీద పడి కొందరు ప్రాణాలు కోల్పోయారు. గోడ అనేది ఆటవస్తువు కాదు.

కనుక కాగితపు దిమ్మెను పునాదిలో, కప్పు మోసే గోడలో, స్నానాల గదిలో, వరద నీరు వచ్చే ఇంటి అడుగు వరుసల్లో వాడకూడదు. పొయ్యి పక్కన కూడా వద్దు. సిమెంటు ఉండటం వల్ల అది భగ్గున మండదు గాని, సిమెంటు తక్కువైతే లోలోపల నుసిలా రాజుకోవచ్చు. ఇంటి లోపల, భారం మోయని చోట, ఎండ తగిలే గోడకు లోపలివైపు ఆనించి పేర్చుకోవచ్చు. అప్పుడు కూడా కింద రెండు వరుసలు కాల్చిన ఇటుక వేసి, పైన సున్నం పూయాలి. అంత చేసినా సిమెంటులోని క్షారం ఏళ్ళ మీద పీచును బలహీనపరుస్తుంది గనుక అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి.

ఇంకో లెక్క కూడా చూడాలి. చెత్త కాగితం వాడాం గనుక ప్రకృతికి మేలే జరిగిందా? 100 గ్రాముల సున్నపురాయిని కాల్చితే 56 గ్రాముల సున్నం మిగిలి, 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడు గాలిలో కలుస్తుంది. సిమెంటు బట్టీలో జరిగేది ఇదే, పైగా బొగ్గు ఖర్చు. అదీగాక సిమెంటు పట్టిన కాగితం మళ్ళీ కాగితం కాలేదు. కబాడీ కొనే మంచి కాగితాన్ని మిల్లుకు పంపితే అది తిరిగి కాగితమవుతుంది. ఎవరూ కొనని ముక్కనే దిమ్మెకు వాడటం న్యాయం.

చివరకు ఆ అమ్మాయి ఇంట్లో ఏం చేశారంటారా? పడమటి గోడకు లోపలివైపు, రెండు ఇటుక వరుసల మీద, నడుమెత్తు వరకు దిమ్మెలు పేర్చుకున్నారు. సాయంత్రం ఆ గోడకు ఆనుకుని కూర్చుంటే మునుపటిలా వీపు కాలడం లేదని చెప్పింది. కాని వేడిలో పెద్ద పాలు కప్పు నుంచి వచ్చేదే. దానికి దిమ్మెలు పనికిరావు. రేకుల పైన తెల్లని పూత వేశారు. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానానికి ఆధారం కూడా ఈ సూత్రమే.

మీరు దిమ్మెలు చేస్తే కాగితం పాళ్ళు మార్చి మూడు రకాలు చెయ్యండి. ప్రతిదాని మీద తేదీ, పాళ్ళు రాయండి. సాంద్రత ఒక గడిలో, పీల్చిన నీటి శాతం పక్క గడిలో వేసి గ్రాఫు గీయండి. ఆ గీత ఎటు పోతుందో గీయక ముందే ఊహించి, ఒక మూల రాసిపెట్టుకోండి. మీ ఊహ తప్పయితే సిగ్గుపడనక్కర లేదు. పూలమడి గోడ కట్టించిన మాస్టారి ఊహ కూడా తప్పే అయింది!